మూడుసార్లు మోగిన గంట

క్రాగ్‌డెన్, వెస్ట్ యార్క్‌షైర్
7 ఫిబ్రవరి 1999

హిల్డా గారికి,

మీ చెల్లెలు విన్ అంత్యక్రియల రోజున మనం మాట్లాడుకోలేదు. మీరు మూడున్నర రైలు అందుకోవాలన్నారు. ఇప్పుడు రాయక తప్పని పని ఒకటి వచ్చింది.

లాయరు చెప్పే ఉంటాడు. బస్సులో తన సగం వాటాను విన్ మీ పేర రాసింది. ఎందుకో నాకు చెప్పలేదు. వీలునామా చదివినప్పుడే నాకూ తెలిసింది. మిగతా సగం నాది.

మా పాత బస్సుల సంఘానికి డెరెక్ ప్రాక్టర్ అధ్యక్షుడు. మా అరవై ఒకటో నంబరు బస్సును మ్యూజియానికి ఇచ్చెయ్యాలని ఆయన పట్టుదల. అక్కడ కొత్త హాలు కట్టారు. నూనె తీసేసి, చక్రాల కింద దిమ్మలు పెట్టి, చుట్టూ తాడు కడతారు. ఇంజను ఇక ఎప్పటికీ తిరగదు. దానికి ఇద్దరు యజమానుల సంతకాలూ కావాలి. నేను పెట్టను. మీరూ పెట్టవద్దని అడగడానికే ఈ ఉత్తరం.

సెప్టెంబరు 12కి ఆ బస్సుకు యాభై ఏళ్లు. ఆ రోజు దాని పాత దారిలో, మార్కెట్టు నుంచి స్కార్ టాప్ దాకా, జనాన్ని ఎక్కించుకుని నడుపుతాను.

క్లెమెంట్ ఆంబ్లర్

*

మోర్‌కమ్
15 ఫిబ్రవరి 1999

క్లెమెంట్ గారికి,

ప్రాక్టర్ గారి ఫారం మీ ఉత్తరం కన్నా ముందే వచ్చింది. ఆయన చేతిరాత మీ చేతిరాత కన్నా బాగుంది. సంతకం పెడుతున్నాను.

కారణం అడుగుతారు, పంతులు గారు కదా. రాసుకోండి. మా చెల్లెలి ఆదివారాలన్నీ ముప్పై ఏళ్ల పాటు ఆ బస్సు మింగేసింది. మా అమ్మ చివరి పుట్టినరోజుకి వచ్చినప్పుడు కూడా దాని గోళ్ల సందుల్లో గ్రీజు. కేకు కోస్తుంటే అమ్మ, "విన్నీ, ఆ చేతులు కడిగావటే?" అంది. "మూడుసార్లు కడిగానమ్మా, ఇది ఇంక నా ఒంటి రంగే" అందది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

పోనీ ఆ బస్సు ఎవరినైనా ఎక్కడికైనా చేరుస్తుందా? జనం ఎక్కుతారు, కొండ మీదికి వెళ్తారు, మళ్లీ ఎక్కిన చోటే దిగుతారు. అందరికీ ఇంటి దగ్గర కార్లున్నాయి. దీన్ని ప్రయాణం అంటారా?

నేను బస్సెక్కి ముప్పై ఏడేళ్లు దాటింది. రైలు, లేదంటే నా కాళ్లు. అది విన్నీకి తెలుసు. తెలిసీ నాకు బస్సు రాసిందంటే వెటకారమనే అనుకోవాలి. తాడు కట్టిన బస్సు ఎవరినీ ఏమీ చెయ్యదు. అలాగే ఉండనివ్వండి.

హిల్డా స్టాన్స్‌ఫీల్డ్

*

క్రాగ్‌డెన్
2 మార్చి 1999

హిల్డా గారికి,

దీన్ని ప్రయాణం అంటారా అని అడిగారు. మీకు మా వాళ్లను పరిచయం చేస్తాను.

డెన్‌హోమ్ అని ఒకాయన ఉన్నాడు. నీటి సరఫరా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. కింది అంతస్తులో, వెనక చక్రం మీది సీటులోనే కూర్చుంటాడు. కొండ మొదలు కాగానే కళ్లు మూసుకుంటాడు. అక్కడ నేను మూడో గేరు నుంచి రెండో గేరుకు మార్చాలి. ఈ పాత బండిలో అది చెవితో చేసే పని. మెత్తగా పడితే ఆయన వేలెత్తుతాడు. గరగరమంటే అందరూ నన్ను కాదు, ఆయన్ని చూస్తారు. దిగేటప్పుడు నా కిటికీ దగ్గరికి వచ్చి, "ఇవాళ పళ్లు కొరికావు క్లెమ్" అని పోతాడు.

హాలిఫాక్స్ నుంచి ఒకావిడ ఫ్లాస్కుతో వస్తుంది. రోజంతా ఎక్కి దిగుతూనే ఉంటుంది. ఎవరితోనూ మాట్లాడదు. బస్సుకు వేసిన ముదురు ఎరుపు రంగు 1949 నాటిదా, 1953 నాటిదా అన్న తగాదాలో ఇద్దరు అన్నదమ్ములకు పదకొండేళ్లుగా మాటల్లేవు. అయినా ఒకే సీటులో పక్కపక్కన కూర్చుంటారు.

వీళ్లకు ఏ ఊరూ వెళ్లే పని లేదన్నారు. నిజమే. బస్సులో ఉండడమే వాళ్ల పని.

ఇక విన్ సంగతి. నేను ముందు చిన్న గదిలో ఒంటరిగా కూర్చుంటాను. జనానికీ నాకూ మధ్య గోడ ఉంటుంది. వెనక మెట్టు మీద ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో నాకు కనపడదు. కండక్టరు తాడు లాగితే నా తల వెనక గంట మోగుతుంది. ఒకసారి మోగితే, ముందు స్టాపులో ఆపు. రెండుసార్లు మోగితే, బయల్దేరు. మూడుసార్లు మోగితే, బస్సు నిండింది, ఎవరు చెయ్యెత్తినా ఆపకు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ తాడు విన్ చేతిలో ఉంది. గంట రెండుసార్లు మోగకుండా నేను ఎన్నడూ చక్రం కదపలేదు.

స్కార్ టాప్‌లో పది నిమిషాలు ఆగేవాళ్లం. అప్పుడు తను పై అంతస్తులో, సరిగ్గా నా నెత్తి మీదున్న ముందు సీటులో కూర్చుని టీ తాగేది. తాగడం అయిందనడానికి మడమతో రెండుసార్లు నేల తట్టేది.

కండక్టరు లేకుండా జనాన్ని ఎక్కించకూడదని సంఘం నియమం. ప్రాక్టర్ దాన్నే పట్టుకున్నాడు. "నీకు కండక్టరు లేరు కదా క్లెమెంట్. కండక్టరు లేని బస్సు షెడ్డులో ఉంటేనేం, మ్యూజియంలో ఉంటేనేం?" అన్నాడు. నేను టీ కప్పు కింద పెట్టి వచ్చేశాను.

ఒక చిన్న సంగతి. విన్ తోలు సంచి అడుగున, అతుకు లోపల ఒక కండక్టరు బిళ్ల దొరికింది. 433 అని ఉంది. విన్‌ది కాదు. మీరు పెళ్లికి ముందు ఇక్కడ మున్సిపాలిటీ బస్సుల ఆఫీసులో పనిచేశారని విన్ ఒకసారి అంది. ఎవరిదో మీకేమైనా తెలుసా?

క్లెమెంట్ ఆంబ్లర్

*

మోర్‌కమ్
9 మార్చి 1999

క్లెమెంట్ గారికి,

ఫారం ఫిబ్రవరి 16నే పోస్టు చేశాను. అది ముందు చెప్పాలి.

433 నేనే.

ఆఫీసులో కాదు, బస్సు మీదే చేశాను. నాలుగేళ్లు కండక్టరమ్మని. అందులో సగం రోజులు మీ అరవై ఒకటి మీదే, మీరిప్పుడు నడిపే ఆ దారిలోనే. గంట ఎన్నిసార్లు మోగితే ఏమిటో నాకే పాఠం చెప్పారు చూడండి.

1961 డిసెంబరు. మిల్లు సందు స్టాపు. మిల్లు వదిలిన వేళ, బస్సు కిటకిట. నేను పై అంతస్తులో టికెట్లు కొడుతున్నాను. రూలు ప్రకారం స్టాపులో కిందికి దిగి, వెనక మెట్టు చూసి గంట కొట్టాలి. ఎవరూ దిగేవాళ్లం కాదు. మెట్ల మలుపులో గుండ్రటి అద్దం ఉంటుంది కదా, అందులో కిందిది కనిపిస్తుంది. దాన్ని చూసి పైనుంచే కొట్టేసేవాళ్లం. టైము కలిసొచ్చేది. డ్రైవర్లు మెచ్చుకునేవాళ్లు. ఆ రోజు అద్దానికి ఆవిరి పట్టింది. చేత్తో ఒకసారి తుడిస్తే పోయేది. చేతిలో టికెట్లున్నాయి. ఏమీ కదలడం లేదనిపించింది. రెండుసార్లు కొట్టాను.

మిసెస్ లంబ్ అనే మిల్లు మనిషి ఒక కాలు మెట్టు మీద పెట్టి ఉంది. రెండో కాలు రోడ్డు మీదే ఉంది.

చావలేదు. తుంటి విరిగింది. తరవాత సరిగా నడవలేదు. విచారణలో నా తప్పేమీ లేదని రాశారు. ఆవిడే వచ్చి, "నేనే తొందరపడ్డానమ్మాయ్" అని చెప్పింది. ఇంక నేను ఎవరితో పోట్లాడను? బిళ్ల విన్నీ చేతిలో పెట్టి కాలవలో పారెయ్యమన్నాను. పారేశానని చెప్పింది, అబద్ధాలకోరు.

ఇప్పుడు మీ వంతు. మీ ఊళ్లో అంతమంది పిచ్చివాళ్లున్నారని రెండు పేజీలు రాశారు. వాళ్లలో ఒక్కడికి కూడా తాడు లాగడం రాదా? నన్ను నమ్మమంటారా? మీకు కావలసింది కండక్టరు కాదు, విన్నీ. అది ఏ సంఘమూ తెచ్చివ్వలేదు.

హిల్డా

*

క్రాగ్‌డెన్
21 మార్చి 1999

హిల్డా గారికి,

మీరన్నది నిజం. ఆరుగురు ముందుకొచ్చారు. ఆరుగురినీ వద్దన్నాను. ఒకడి గొంతు పెద్దదన్నాను. ఒకావిడ పొట్టిదన్నాను. గురుబచన్ సింగ్ నాకు ఇరవై ఏళ్ల నేస్తం, మన బస్సు మరమ్మతులన్నీ అతనివే. అతనికి ఏ వంకా దొరక్క, ఊరికే వద్దన్నాను. ప్రాక్టర్‌కు అవకాశం ఇచ్చింది నేనే. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ప్రతి రెండో ఆదివారం షెడ్డుకు వెళ్లి ఇంజను తిప్పుతాను. నా గదిలో కూర్చుంటాను. గంట మోగదు. ఆపేసి ఇంటికి వస్తాను.

మీకు రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, ఈ బస్సు కొన్న రోజు. 1968లో, పాత ఇనుము యార్డులో. పదిహేడు బస్సులు వరసగా పెట్టారు. నాకు నచ్చింది వేరేది, ఇంజను బాగున్నది. విన్ వరస చివరిదాకా నడిచి వెళ్లి నంబర్లు చదువుకుంటూ వచ్చి, అరవై ఒకటి దగ్గర ఆగింది. "ఇదే." ఎందుకంటే చెప్పలేదు. దాని వెనక టైర్లు రెండూ లేవు.

రెండోది. విన్ ఏనాడూ పైనుంచి గంట కొట్టలేదు. ప్రతి స్టాపుకూ దిగి వచ్చేది. మెట్లెక్కేటప్పుడు ఆ అద్దాన్ని పసుపు గుడ్డతో తుడిచేది, జూన్ నెల ఎండలో కూడా. నేను విసుక్కునేవాణ్ణి. "అద్దం ఉంది కదా విన్, పైనుంచే కొట్టెయ్, టైము పోతోంది." "మనకేం టైము క్లెమ్? ఎవరైనా మిల్లుకు వెళ్లాలా?" అనేది. అది చాదస్తమనుకున్నాను. ఎవరి కోసం దిగిందో మీ ఉత్తరం చదివాక తెలిసింది.

ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మెట్టు మీద ఒక్కరు కూడా జారలేదు.

బిళ్ల ఇందులో పెడుతున్నాను. మీది.

క్లెమ్

*

మోర్‌కమ్
4 ఏప్రిల్ 1999

క్లెమ్,

నీ ఉత్తరం రెండు వారాలు బల్ల మీద ఉంది. దాన్ని కదపకుండా, పక్కనే కంచం పెట్టుకుని తిన్నాను.

ప్రాక్టర్‌కు రాసినదాని నకలు నీకు రాస్తున్నాను:

"అయ్యా, ఫిబ్రవరిలో నేను పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నేను పెట్టినప్పుడు నాకు సగం కథే తెలుసు. మీకు ఆ సగం కూడా తెలియదు. తాడు కొనుక్కుని ఉంటే బట్టలారేసుకోవడానికి వాడుకోండి. 433, హిల్డా స్టాన్స్‌ఫీల్డ్."

కండక్టరు సంగతి నన్ను అడగకు. నీ గురుబచన్ కాళ్లు పట్టుకో. నీకు బుద్ధి రావడానికి అదొక్కటే దారి.

హిల్డా

*

క్రాగ్‌డెన్
22 ఆగస్టు 1999

హిల్డా,

గురుబచన్‌ను అడిగాను. "ఇరవై రెండేళ్లు మున్సిపాలిటీ బస్సు నడిపిన డ్రైవర్ని పట్టుకుని కండక్టరు పనికి రమ్మంటావా, సిగ్గు లేదూ?" అన్నాడు. తరవాత ఒప్పుకున్నాడు.

ప్రాక్టర్ ఊరుకోలేదు. సంఘం కరపత్రం అచ్చు వేయించాడు. "సెప్టెంబరు 12: అరవై ఒకటి చివరి ప్రయాణం." మిల్లు సందు స్టాపులో తనూ మ్యూజియం మనిషీ ఎక్కుతారట. స్కార్ టాప్‌లో రిబ్బను, ఉపన్యాసం, జనం చప్పట్ల మధ్య మన సంతకాలు. అంతమంది ముందు కాదనలేమని ఆయన లెక్క. కాదంటే అక్టోబరు నుంచి షెడ్డులో చోటు లేదని కబురు కూడా పంపాడు.

కమిటీలో లేచి చెప్పాను. "బస్సు నాదీ, హిల్డాదీ. షెడ్డు మీది. మీ షెడ్డు మీరే ఉంచుకోండి." గురుబచన్ యార్డులో చోటు చూశాం. రేకులు వేస్తున్నాం. నా కాల్లో మేకు దిగింది. మరేం ఫరవాలేదు.

నా దగ్గరున్న కరపత్రాలన్నిటి మీదా "చివరి" కొట్టేశాను. నూట నలభై ఉన్నాయి.

క్లెమ్

*

మోర్‌కమ్
1 సెప్టెంబరు 1999

క్లెమ్,

12న రైల్లో వస్తాను. స్టేషనుకు రావద్దు, దారి మరిచిపోలేదు. మార్కెట్టులో పేవ్‌మెంటు మీద నిలబడి చూస్తాను. ఎక్కను. ఎక్కమని ఎవరైనా అంటే తిరుగు రైలెక్కేస్తాను. నీ డెన్‌హోమ్‌కు కూడా చెప్పు.

మేకు గుచ్చుకున్న చోట సూది వేయించుకున్నావా? "ఫరవాలేదు" అని రాసే మగవాళ్లను నేను నమ్మను.

హిల్డా

*

క్రాగ్‌డెన్
13 సెప్టెంబరు 1999

హిల్డా,

నిన్న బస్సు తిరిగి రాగానే నువ్వు ఒకటిన్నర రైలుకు పరుగెత్తావు. మాట్లాడే వీలు లేకపోయింది. నాకు ముందున్న రోడ్డు తప్ప ఏమీ కనపడదని నీకు తెలుసు. నేను విన్నది మాత్రం రాస్తాను.

పదకొండింటికి ఇంజను తిప్పాను. అందరూ ఎక్కారు. గంట మోగలేదు. ఆరు నిమిషాలు. నా చేతుల కింద స్టీరింగు వణుకుతూనే ఉంది. ఇంజను ఆపేద్దామని కూడా అనుకున్నాను. అప్పుడు రెండుసార్లు మోగింది. అది గురుబచన్ చెయ్యి కాదు. అతను తాడును గొడ్డును లాగినట్టు లాగుతాడు. ఇది పొట్టిగా, పొడిగా మోగింది. పాత మున్సిపాలిటీ పద్ధతి.

గేరు వేశాను. కాసేపు దారి సరిగా కనపడలేదు. తరవాత కనపడింది.

కొండ దగ్గర మూడు నుంచి రెండుకు మెత్తగా పడింది. వెనక ఎవరో కేక వేశారు, డెన్‌హోమ్ వేలెత్తి ఉంటాడు.

మిల్లు సందుకు వంద గజాల ముందు గంట మూడుసార్లు మోగింది. నియమం నియమమే. ఆపలేదు. ప్రాక్టర్ చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు, పక్కన మ్యూజియం మనిషి, చేతిలో రిబ్బను చుట్ట. ఆయన నోరు తెరవడం చూశాను. ఇంజను మోతలో మాట వినపడలేదు.

ఇప్పుడు సంఘం సంజాయిషీ అడుగుతోంది. అధ్యక్షుణ్ణి స్టాపులో వదిలేసి ఎందుకు వెళ్లావని. బస్సు నిండిందని గంట మోగిందన్నాను. నిండలేదంటున్నారు. పై అంతస్తులో ముందు సీటు ఒకటి ఖాళీగా ఉందని సాక్ష్యం ఉందట. ఏమని రాయమంటావు?

స్కార్ టాప్‌లో ఆగి ఉన్నప్పుడు నా నెత్తి మీద మడమతో రెండుసార్లు తట్టిన చప్పుడు వినిపించింది. దాని గురించి అడగను.

క్లెమ్

*

మోర్‌కమ్
15 సెప్టెంబరు 1999

క్లెమ్,

అడగనంటూ అడిగావు. నేనే. టీ అయిపోయిందని తట్టాను. ఆ సీటులో స్ప్రింగు ఒకటి పైకి పొడుచుకొచ్చింది, ముప్పై ఏళ్లు విన్నీ దాని మీద ఎలా కూర్చుందో. బాగు చేయించు.

నీకు వెనకేం జరిగిందో తెలియదు కనక చెప్తాను. నీ గురుబచన్ వెనక మెట్టు మీద తాడు పట్టుకుని నిలబడ్డాడు. నేను పేవ్‌మెంటు మీద ఉన్నాను. అతను నా వైపు చూసి తాడు వదిలేశాడు. "బెహన్‌జీ, నాకు గంట కొట్టడం రాదు" అన్నాడు. "ఇరవై రెండేళ్లు బస్సు మీద బతికి అబద్ధాలాడతావేం?" అన్నాను. "డ్రైవర్ని. వినడమే వచ్చు" అన్నాడు. లోపల జనమంతా చూస్తున్నారు. ఎవరూ ఎక్కమనలేదు, అది మాత్రం నిజం. ఆ ఫ్లాస్కు ఆవిడ మటుకు జరిగి చోటు చేసింది. ఆరు నిమిషాలు అంటున్నావు. నాకు ఇంకా ఎక్కువ అనిపించింది.

ఎక్కగానే ముందు మెట్ల మలుపుకు వెళ్లాను. అద్దం శుభ్రంగానే ఉంది. అయినా తుడిచాను.

ఆ ముందు సీటు ఎవరికీ ఇవ్వలేదు. ఇద్దరు ముగ్గురు కూర్చోబోతే, "అది ఖాళీ లేదు" అన్నాను. వాళ్లు సీటు వంక చూశారు, నా వంక చూశారు, వేరే చోటికి పోయారు. మంచివాళ్లు నీ పిచ్చివాళ్లు. మిగతావన్నీ నిండాయి. కనక మిల్లు సందు దగ్గర బస్సు నిండి ఉంది. మూడుసార్లు కొట్టాను. సంజాయిషీలో అలాగే రాయి: కండక్టరు లెక్క ప్రకారం నిండింది, కండక్టరు లెక్క మీద అప్పీలు లేదు. సంఘానికి సందేహముంటే నాకు రాయమను. నా దగ్గర స్టాంపులున్నాయి.

కొండ దిగేటప్పుడు మిల్లు సందులో ఒకసారి గంట కొట్టి ఆపించాను. అది నా కోసం. కానీ ప్రాక్టర్ ఇంకా అక్కడే ఉన్నాడు, ఒక్కడే. మ్యూజియం మనిషి వెళ్లిపోయాడు. ఈ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు, ఆయన చెప్పడు. ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఒక కాలు రోడ్డు మీదే ఉంచి, "నేనెవరో తెలుసా? సంఘం అధ్యక్షుణ్ణి!" అని మొదలుపెట్టాడు.

నేను ఆ రోడ్డు మీది కాలునే చూస్తున్నాను.

"రెండు కాళ్లూ లోపల పెట్టండి, అధ్యక్షుడు గారూ" అన్నాను. "అంతదాకా ఈ బస్సు కదలదు. నేను సాయంత్రందాకా ఆగగలను."

పెట్టాడు. రాడ్డు పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు. కిందికీ, వెనక్కీ, రోడ్డు మీదికీ చూశాను. ఎవరూ లేరు. ఇంకోసారి చూశాను. అప్పుడు రెండుసార్లు కొట్టాను. నువ్వు బయల్దేరావు.

డెన్‌హోమ్ పక్కనున్న మనిషి స్కార్ టాప్‌లో దిగిపోయాడు, ఆ సీటులో మార్కెట్టు దాకా ఆయన కూర్చున్నాడు. రెండో గేరు దగ్గర ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. ఈ రోగం ఆయనకూ ఉందన్నమాట.

వచ్చే నెల మొదటి ఆదివారం వస్తాను. పసుపు గుడ్డ కొత్తది తెస్తాను. ఆ పాతది పారెయ్యకు, ఎక్కడున్నది అక్కడే ఉంచు.

హిల్డా, 433